నవాబు కోడలి కుట్టు

పన్నెండేళ్లుగా నేనొక బోర్డును మోస్తున్నాను. అది వేలాడేది కల్లూరులో, కుట్టుపని నేర్పే కేంద్రం గుమ్మం మీద. బరువు మాత్రం నా మీదే. ‘నవాబుల కాలంనాటి వారసత్వం, నవాబు కోడలి కుట్టు’ అని ఉంటుంది దాని మీద. ఆ కోడలు ఎప్పుడూ లేదు. ఆ నవాబును కూడా నేనే పుట్టించాను.

కర్నూలులో నాకు చీరల అంగడి. నోరే పెట్టుబడి. మా ఊరి సుగుణమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోతూ, తీరిక దొరికితే చర్చి బల్ల మీద పరిచే గుడ్డలకు పూలు కుట్టేది. ఆమెది పుర్రచెయ్యి. అందుకే ఆమె పూరేకులు అందరివీ వాలే వైపు కాక ఎడమకు వాలేవి. ఆమె చేత చీరల మీద కుట్టించాను. కూలామె కుట్టింది అని చెప్పినన్నాళ్లు జనం గుడ్డ నలిపి చూసి పోయారు. ఒకరోజు విసుగొచ్చి, ఇది నవాబు కోడలి కుట్టు, పుట్టిల్లు తుంగభద్ర అవతల ఉందని పూలన్నీ నది వైపు వాల్చేది అన్నాను. వచ్చినావిడ చేతులు తుడుచుకుని మరీ చీర పట్టుకుంది.

ఆ మాట ఊళ్లు తిరిగింది. కేంద్రం పెట్టారు. ఆడపిల్లలు చేరారు. కుడిచేతి వాళ్లకు రేకు ఎడమకు వాలదు కదా, గుడ్డ బిగించే రింగు తలకిందులు చేసి కుట్టడం మొదలుపెట్టారు. అదే సంప్రదాయమైంది.

నేర్పేవాళ్లు కావాలంటే సుగుణమ్మ పరీక్షకు వచ్చింది. రింగు తిప్పకుండానే కుట్టింది. పద్ధతి తెలియదని పరీక్ష పెట్టినాయన ఆమె పేరు కొట్టేశాడు. చరిత్ర తెలిసిన పెద్దమనిషిగా నేను ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను. ఒక్క మాట చాలు. ఎందుకు అనలేదు? పిల్లల పని పోతుందనా? కాదు. కుర్చీ పోతుందని.

ఆటోల దగ్గర పట్టుకుంది నన్ను.

“ఏమప్పా, నా కుట్టు నాకే రాదంటాండారే. నువ్వు నోరు మూసుకోని కూచుంటివి.”

“నవాబు పేరు లేకుంటే ఎవురు కొంటారక్కా?”

“పేరు ఆయమ్మదే పెట్టుకో. నాకు ఈడ పనన్నా ఇప్పియ్యకూడదా? ఈ నడుముతో ఇంగా కూలికి పోతాండా.”

“వచ్చే తూరి చూస్తాంలేక్కా.”

“లేని కోడలికి ఇల్లు కట్టిస్తివి. ఉండేదాన్ని బయట నిలబెడితివి. శానా గొప్పోడివప్పా.”

ఆమె మళ్లీ సూది పట్టలేదు. పోయినేడు చనిపోయింది. శవపెట్టె మీద ఆమె కుట్టిన గుడ్డే పరిచారు. పూలు ఎడమకే వాలి ఉన్నాయి. అక్కడా నేను నోరు విప్పలేదు.

క్షమాపణ అడుగుతున్నాననుకోకండి. కోడల్ని పుట్టించినందుకు నాకు సిగ్గు లేదు, అవసరమైతే రేపు ఆమెకు అత్తను కూడా పుట్టిస్తాను. ఇన్ని కథలు చెప్పిన నోరు, నిజం కావలసిన ఒక్క పూట మూతపడిందే, అదీ నా తప్పు. దాన్ని ఎవరు కడుగుతారు? కడగాల్సిన మనిషి లేదు.

మొన్న కేంద్రానికి పోయి, రింగు తిప్పొద్దమ్మా, ఇది సుగుణమ్మ కుట్టు, ఆమెది పుర్రచెయ్యి, అంతే అని చెప్పాను. పిల్లలు ఒకటే నవ్వు.

“ఈ కథ బాగలేదు సార్. నవాబుదే చెప్పు.”

మీరూ నమ్మకపోతే మానండి. నేనైతే చెప్పేశాను.