మందు పెట్టింది కట్టెకు

ఒక పొద్దున సంగటి కెలుకుతుంటే తెడ్డు చేతిలో ఉందో లేదో తెలియలేదు. వేళ్లు మొద్దుబారాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. మేము పుంగనూరులో ఉన్నాం.

మా ఆయన వడ్రంగి. కుప్పంలో ఒక గోదాముకు కప్పు వేసే పనిలో ఉండేవాడు. వారానికోసారి వస్తూ కోయగా మిగిలిన ముక్కలు మూట కట్టి తెచ్చేవాడు. తారు పట్టించిన నల్లవాటిని కంపు భరించలేక గడప దాటనివ్వలేదు. లేత ఆకుపచ్చగా ఉండేవాటికి మాత్రం ఏ వాసనా లేదు. చక్కగా మండేవి. మురిసిపోయి అన్నీ పొయ్యిలో పెట్టాను.

తర్వాత వాంతులు, అరికాళ్లలో మంటలు. జుట్టు పిడికెడు పిడికెడు ఊడింది. వణుకు పుట్టి పొయ్యి పక్కనే కూర్చునేదాన్ని. మా తోడికోడలు రుక్కమ్మ పక్కవీధి నుంచి రోజూ గిన్నెలో సంగటి, పప్పు తెచ్చి పెట్టేది. తిన్నా కక్కేదాన్ని.

"ఎవురో నీకు మందు పెట్టినారమ్మా," అన్నారు వీధిలో. పేరు ఎవరూ చెప్పలేదు. చెప్పింది నేనే. మందు కక్కించే మనిషి దగ్గర, నలుగురి ముందు, "రుక్కమ్మ సేతి కూడే తింటాండాను," అన్నాను. అతనిచ్చిన పసరు తాగి రోజంతా కక్కాను. ఉన్న కాస్త ఓపికా పోయింది.

చివరికి మదనపల్లె ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరమ్మ నా గోళ్ల మీది తెల్ల గీతలు చూసి, "మందులేమన్నా తీసుకుంటాండావా?" అని అడిగింది. లేదన్నాను. యూరిన్ టెస్ట్ చేయించింది. "ఆర్సెనిక్ ఉండాది. ఇంట్లో ఎలకల మందు పెట్టినారా?"

"మేమేం పెట్టలేదమ్మా," అన్నాడు మా ఆయన. మళ్లీ తనే, "కట్టెకు పెట్టినారు, సెదలు తినకుండా," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ముందే యాల సెప్పలేదు?"

"కట్టెకు పెట్టే మందు మనకేం సేస్తాదిలే అనుకుంటి."

ఇంజెక్షన్లు వేశారు. ఇంటికొచ్చి ఆ ముక్కలన్నీ పారేశాం. నెల తిరక్కుండానే మళ్లీ కాళ్లు మండాయి. విసుగుతో ఏడ్చేశాను.

"గిన్నెలు దేంతో తోమతావు?" అంది డాక్టరమ్మ ఈసారి.

"బూడిదతో."

"యా బూడిద?"

ఆ కట్టెల బూడిదే. కుండనిండా దాచుకున్నాను. ఆ మందు కాలిపోదట, బూడిదలోనే మిగులుతుందట.

ఇప్పుడు జుట్టు వచ్చింది. కుడికాలి చెప్పు జారిపోయినా ఇంకా తెలియదు. మీ ఇంటికి వడ్రంగి పని ముక్కలొస్తే, మందు పెట్టినవా అని అడగకుండా పొయ్యిలో పెట్టకండి. ఆ బూడిదతో గిన్నెలు అసలే తోమకండి.

రుక్కమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాను. "పోనీలే అక్కా," అంది. ఇప్పటికీ వస్తుంది, కూర్చుంటుంది, నవ్వుతూ మాట్లాడుతుంది. చేతిలో గిన్నె మాత్రం ఉండదు.