కోటు కాపలా కాసిన కుర్చీ

మా కిల్‌మొరాన్‌లో నువాలా గెరటీ బస్సెక్కని పిల్లాడు లేడు. పదవీ విరమణ దాకా బడి బస్సు ఆమే నడిపింది. చలికాలంలో డ్రైవరు సీటు పక్కన ఒక బుట్ట పెట్టుకునేది, నిండా ఊలు చేతితొడుగులు. అన్నీ ఆమె అల్లినవే. ఏ రెండూ జత కుదిరేవి కావు. తొడుగులు మరిచిపోయి వచ్చిన పిల్లాడి ఒళ్లో ఒక ఎర్రదీ ఒక పచ్చదీ పడేసి, "దిగేటప్పుడు ఇచ్చెయ్యి. పోగొట్టావంటే చెవులు మెలేస్తా" అనేది. చాలా తొడుగులు తిరిగి రాలేదు. ఆమె ఎవరి చెవులూ మెలేయలేదు.

అలాంటి మనిషి పేకాడుతుందంటే పైఊరివాళ్లు నమ్మరు. మాకు మాత్రం వింత కాదు. మంగన్ పబ్బు వెనక గదిలో గురువారం గురువారం మగవాళ్లు పోకర్ ఆడేవారు. నువాలా తమ్ముడు ఫెస్టస్, మా అందరికీ ఫెస్టీ, అందులో మొనగాడు. అక్కాతమ్ముళ్లిద్దరూ పెళ్లి చేసుకోలేదు. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర బతికారు. ఫెస్టీకి భోజనం పట్టుకొచ్చి, అతని కుర్చీ వెనక నిలబడి, అతను తినేదాకా పేకముక్కలు చూస్తూ ఉండేది. అలా నేర్చుకుంది. ఒక గురువారం టామీ డర్కన్‌కి జ్వరం వచ్చి కుర్చీ ఖాళీగా ఉంటే, కోటు తీసి దాని వెనక తగిలించి కూర్చుంది. గదంతా నవ్వు.

"ఏయ్ నువాలా, అది టామీ కుర్చీ."

"టామీ వచ్చాక లేస్తా. అందాకా నాది. పంచండి."

టామీ మరుసటి వారం వచ్చాడు. ఆమె లేచి, పక్క గదిలోంచి ఇంకో కుర్చీ ఈడ్చుకొచ్చుకుంది. ఇక ఆ కుర్చీని ఎవరూ కదపలేకపోయారు.

గాల్వే పట్నంలో ఏటా నవంబరులో పెద్ద టోర్నమెంటు జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో వందలాది మంది వస్తారు. దానికి మా పబ్బు నుంచి ఒక్కరిని పంపే అవకాశం ఉంటుంది, ఊరి ఆటలో గెలిచినవాళ్లని. పోయినేడు నువాలా గెలిచింది. వెళ్లాల్సిన పొద్దునే ఫెస్టీకి గుండె పట్టేసింది. ఆమె ఆసుపత్రిలో అతని మంచం పక్కన ఉండిపోయింది. అక్కడ గాల్వేలో ఆమె కుర్చీ ముందు చిప్స్, అంటే పందెం బిళ్లలు, పేర్చి పెట్టారు. మనిషి లేకపోయినా ముక్కలు పంచుతారు, వెంటనే వెనక్కి తీసేస్తారు. వంతు వచ్చినప్పుడల్లా కట్టాల్సిన పందెం మాత్రం ఆ చిప్స్‌లోంచే పోతుంది. అలా సాయంత్రానికి అన్నీ కరిగిపోయాయి. ఫెస్టీ పోయే ముందు ఆ సంగతి విని కోప్పడ్డాడు.

"కుర్చీ ఖాళీగా వదిలేశావా? సిగ్గులేదుటే నీకు?"

"నోరు మూసుకుని ఊపిరి తీసుకోరా" అంది నువాలా.

ఆ ఆదివారమే పోయాడు. దేవుడు అతని ఆత్మకు శాంతినిచ్చుగాక.

ఈ ఏడు మళ్లీ గెలిచింది. చర్చిలో కొవ్వొత్తులు వెలిగించే పని నాది. అందుకని ఫెస్టీ సంవత్సరీకం పూజ ఏ ఆదివారం పెట్టారో నాకు ముందే తెలుసు. టోర్నమెంటు ఆఖరి రోజూ అదే ఆదివారం. ఆఖరి దాకా ఎవరు నిలుస్తారులే అనుకుని, ఆమె వెంట నేనూ గాల్వే వెళ్లాను. నువాలా నిలిచింది. శనివారం సాయంత్రానికి అంత పెద్ద హాల్లో ఒకే ఒక్క టేబుల్ మిగిలింది, తొమ్మిది మంది. అందులో మా నువాలా.

ఆ శనివారం మాటలు వినాలి. కార్క్ నుంచి వచ్చిన ఫిన్‌బార్ టుమీ అనే లారీల వ్యాపారి ఉన్నాడు, నోటికి తాళం లేని మనిషి. ఎదురుగా యోస్ట్ అని ఒక డచ్చి కుర్రవాడు. చదువుకున్న వాడు, మర్యాదస్తుడు, కాని ప్రతి ముక్కకీ సమాధిలోకి వెళ్లిపోతాడు.

"ఒరే నాయనా, ముక్కలు కింద పెట్టుకుని పొదుగుతున్నావా?" అన్నాడు ఫిన్‌బార్.

"మా ఆవు ఈని, దూడ పాలు కూడా మానేసింది ఈలోగా" అంది నువాలా. వెంటనే చెయ్యెత్తి, "టైం!" అంది.

ఎవరైనా మరీ ఆలస్యం చేస్తే టేబుల్ మీద ఎవరైనా 'టైం' అడగవచ్చు. ఆట నడిపించే అధికారి వచ్చి ఒక నిమిషం ఇస్తారు. ఆలోగా తేల్చకపోతే ముక్కలు చచ్చినట్టే. శనివారం అంతా యోస్ట్ మీద అలా టైం అడుగుతూనే ఉన్నారు, అందరికన్నా ఎక్కువగా నువాలా. పాపం ఆ కుర్రవాడి చెవులు ఎర్రబడిపోయేవి.

సాయంత్రం ఆట ఆగాక ఆమె అధికారి దగ్గరికి వెళ్లింది. ఓర్లా అని నెమ్మదైన మనిషి.

"రేపు మధ్యాహ్నం ఆట మొదలయ్యేసరికి నేను ఉండను. తమ్ముడి సంవత్సరీకం. పూజ అయ్యాక వస్తా."

"ఆట ఆపడం కుదరదండీ" అంది ఓర్లా బాధగా. "మీ వంతు పందెం మీ చిప్స్‌లోంచి పోతూనే ఉంటుంది."

"ఆపమన్నానా? కుర్చీ తియ్యొద్దు అంటున్నా."

ఊరు ఊరంతా ఆమెకి సెలవిచ్చేసింది. ఫాదర్ మలకీ ఫోన్ చేసి, "పూజ వచ్చే ఆదివారానికి మారుద్దాం నువాలా, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు. మంగన్ ఫోన్ చేసి, "ఫెస్టీ బతికుంటే నిన్ను అక్కడే కూర్చోమనేవాడు" అన్నాడు. నేనూ అన్నాను, అబద్ధమెందుకు. ఆమె టీలో పంచదార కలుపుతూ నా వైపు చూసింది.

"పోయినేడు వాడి కోసం ఆట వదిలేశాను కోల్మన్. ఈ ఏడు ఆట కోసం వాణ్ణి వదలమంటావా? వాణ్ణీ వదలను, ఆటనీ వదలను. రెండూ నావే."

"రెండూ నీవే అయితే, మనిషివి ఒక్కదానివేగా?"

"నా కోటు ఉందిగా" అంది.

ఆదివారం పొద్దున్నే వచ్చి తన గోధుమరంగు కోటును కుర్చీ వెనక తగిలించింది. చలిలో ఒట్టి ఊలు చొక్కాతో ఊరికి బయల్దేరింది. ఫిన్‌బార్ అప్పటికే వచ్చి కాఫీ తాగుతున్నాడు.

"అమ్మగారూ, మీరు తిరిగొచ్చేసరికి కోటొక్కటే మిగులుతుంది."

"కోటు మిగిలితే చాలు. దాన్నే పందెం కాస్తా."

నేను కోటుకి కాపలా. పొద్దుటి పూజ గాల్వేలోనే విన్నాను. అందుకని తాడు కట్టిన చోట, చూసేవాళ్ల మధ్య నిలబడి, జేబులో జపమాల తిప్పుతూ ఉన్నాను.

ఆట మొదలైంది. డీలరు అమ్మాయి నువాలా కోటు ముందు రెండు ముక్కలు వేసింది, తిరిగి లాగేసుకుంది. వంతు వచ్చింది. చిప్స్ కొన్ని తీసి మధ్యలోకి తోసింది. మళ్లీ వంతు వచ్చింది, మళ్లీ తోసింది. కళ్లెదుటే గుమ్మి అడుగంటిపోతున్నట్టు ఉంది. ఆమె పోతే తక్కినవాళ్లందరికీ బహుమానంలో ఒక మెట్టు లాభం, ఎవరూ చెయ్యి కదపక్కర్లేదు. ఆట ఎంత చురుగ్గా సాగితే అంత తొందరగా కోటు ఖాళీ అవుతుంది. మొదట్లో చురుగ్గానే సాగింది. పాపం ఎవరినీ అనలేం.

అప్పుడు యోస్ట్ వంతు వచ్చింది. వాడు ఎప్పటిలాగే సమాధిలోకి వెళ్లాడు. ఫిన్‌బార్ 'టైం' అనడానికి నోరు తెరిచాడు. వాడి చూపు పక్కనున్న కోటు మీద పడింది. మోచేతుల దగ్గర మాసికలు వేసిన పాత కోటు. నోరు అలాగే తెరిచి ఉంచి, ఆవులించి, మూసేశాడు.

కాసేపటికి ఫిన్‌బార్ వంతు వచ్చింది. రెండు రోజుల్లో ఆ మనిషి ఒక్క ముక్క గురించైనా ఆలోచించగా నేను చూడలేదు. ఇప్పుడు గడ్డం గోక్కున్నాడు. పైకప్పు వైపు చూశాడు. ముక్కలు ఎత్తి చూశాడు, పెట్టాడు, మళ్లీ చూశాడు. చివరికి నిట్టూర్చి, రెండు ముక్కలూ పారేశాడు. నా పక్కనున్న ఆయన, "దానికా ఇంత ఆలోచన!" అన్నాడు.

ఆ పక్కవాడు నీళ్లు తాగాడు. ఇంకొకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు, అద్దాలు మళ్లీ మసకబారాయి కాబోలు, మళ్లీ తుడిచాడు. ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేదు. అనుకుంటే తప్పు, ఆట నుంచి పంపించేస్తారు. ఎవరి మెదడు వాళ్లకే మందగించింది. అంతే.

ఓర్లా వచ్చింది. టేబుల్ వంక, గోడ గడియారం వంక, కోటు వంక చూసింది.

"ఎవరైనా టైం అడుగుతున్నారా?"

అందరూ తమ తమ ముక్కల మీదికి వంగారు.

"అడక్కపోతే నాకిక్కడ పనేముంది" అని, వెళ్తూ వెళ్తూ కుర్చీ మీంచి జారుతున్న కోటు కాలరు సర్ది వెళ్లిపోయింది.

ఇది న్యాయమేనా అని నాలో నేను తర్కించుకున్నాను. పొలంలో పరిగె గింజలు కొన్ని పేదల కోసం కావాలనే వదిలెయ్యమని బైబిలు వాక్యంలో ఉంది. వదిలేసిన గింజని ఎవరూ దానం అనరు. నేను జపమాలలో తరువాతి పూసకి వెళ్లాను.

నువాలా వచ్చేసరికి ఇద్దరు ఓడి వెళ్లిపోయారు. కోటు ఇంకా కూర్చునే ఉంది. ఆమె బూట్లకి సమాధుల దగ్గరి బురద. చేతిలో పెద్ద పొట్లం. పూజ తరవాత మావాళ్లు టీకి చేసిన హామ్ శాండ్‌విచ్‌లు. విరామంలో అందరి ముందూ పెట్టింది.

"లంచమా?" అన్నాడు ఫిన్‌బార్, ఒకటి నోట్లో పెట్టుకుంటూనే.

"సంవత్సరీకం భోజనం. తినకపోతే ఫెస్టీకి కోపం."

అప్పుడు తన చిప్స్ వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. గడియారం వైపు చూసింది. బస్సు ఏ మలుపు దగ్గర ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో చెప్పగల మనిషికి ఈ లెక్క ఎంతసేపు?

"ఇన్ని ఎలా మిగిలాయి?"

"నిన్న తాగింది దిగలేదమ్మా, బుర్ర పనిచెయ్యలేదు" అన్నాడు ఫిన్‌బార్.

"నాకెవరి జాలీ అక్కర్లేదు. ముందే చెబుతున్నా." యోస్ట్ వైపు తిరిగింది. "నువ్వేనా?"

"నేనెప్పుడూ ఇంతేగా అమ్మా" అన్నాడు వాడు, చెవులు ఎర్రబడుతూ. "నిన్న మీరే తిట్టారు."

"జాలి ఎవడు చూపించాడు?" అన్నాడు ఫిన్‌బార్. "కూర్చోండి ముందు. మీ చిప్స్ ఊడ్చే పుణ్యం ఆ కోటుకి కాదు, నాకు దక్కాలి."

"అయితే చూసుకో."

కూర్చుంది. కాసేపటికే ఆమెకి తొమ్మిదుల జత పడింది. ఉన్నదంతా ముందుకి తోసింది. ఫిన్‌బార్ దగ్గర ఆసూ రాజూ. వాడూ ఉన్నదంతా తోశాడు, ఈసారి రెప్పపాటు కూడా ఆలోచించకుండా. మధ్యలో పరిచిన ఐదు ముక్కల్లో ఒక్కటీ వాడికి పనికి రాలేదు. వాడి ఆట అయిపోయింది. లేచి నిలబడి, ఇంకో శాండ్‌విచ్ తీసుకున్నాడు.

"జాలి అంటే ఇలా ఉంటుందా అమ్మా?" అన్నాడు.

"జాలి చూపించినవాణ్ణి ఊరికే వదలను నేను" అంది నువాలా, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపుతూ.

బయట వెలుతురు తగ్గుతుండగా ముగ్గురు మిగిలారు. నువాలా చేతిలో ఏమీ లేదు. ఎడమ చెవి రింగు తిప్పుతోందంటే ఏమీ లేదనే అర్థం, ఆ సంగతి మా ఊరివాళ్లకి తెలుసు. అయినా తెగించి ఉన్నదంతా తోసేసింది, టామీ కుర్చీలో కూర్చున్న రోజులాగే. యోస్ట్ దగ్గర రాణుల జత. మధ్యలో రాజూ ఆసూ రెండూ పడి ఉన్నాయి. వాటికి జత ఆమె దగ్గర ఉందేమోనని వాడు భయపడ్డాడు. ముక్కల్ని సగం పారేసి, మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. సమాధిలోకి వెళ్లాడు.

చాలాసేపు గడిచింది. టైం అడిగితే చాలు, ఆ నిమిషంలో గాభరా పడి పారేస్తాడు. నిన్నంతా అలాగే పారేశాడు. ఆ సంగతి హాల్లో అందరికీ తెలుసు. ఓర్లా దగ్గరికొచ్చి నువాలా వైపు చూసింది.

"టైం అడుగుతారా?"

నువాలా చెవి రింగు వదిలేసింది. "వద్దు. కుర్రాణ్ణి ఆలోచించుకోనీ."

వాడు ఆలోచించాడు. ఆలోచించి, సరిగ్గా ఆలోచించి, చిప్స్ ముందుకి తోశాడు.

నువాలా తన ముక్కలు తిప్పి చూపించింది. ఉత్త ముక్కలు. మూడో స్థానంతో ఆమె ఆట ముగిసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. యోస్ట్ ఏదో క్షమాపణలా గొణిగాడు.

"దేనికి? నువ్వు నాకిచ్చిన టైమే నీకు తిరిగిచ్చేశాను. ఇప్పుడు సరికి సరి. వచ్చే ఏడు మాత్రం గుక్క తిప్పుకోనివ్వను, నీ చెవుల పని చెబుతా."

ఎవరో పత్రిక అబ్బాయి తాడు పక్కనుంచి అడిగాడు, పూజకి వెళ్లి పోగొట్టుకున్న ఆ చిప్స్ ఉంటే గెలిచేవారేనా అని.

"గెలిచేదాన్నే" అంది నువాలా. "అయినా వెళ్లేదాన్నే."

కోటు తొడుక్కుని గుండీలన్నీ పెట్టుకుంది. తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, అంత పెద్ద హాలుకీ వినిపించేలా అరిచింది.

"ఓర్లా! వచ్చే ఏడు ఫెస్టీ సంవత్సరీకం కూడా ఈ వారమే. కుర్చీ తియ్యకండి!"