నాకు ఫుల్ టికెట్, నా కూతురికి సున్నా టికెట్

ఏడేళ్ల తర్వాత నా బిడ్డ కరుణ ఫోన్ చేసింది. "నాయనా, గిద్దలూరు లాడ్జిలో ఉన్నా. రేపు మార్కాపురంలో మా మీటింగుండాది. వస్తావా?" అంది. సంతోషంతో నాకు అన్నం సయించలేదు. కరుణ మాకు కొడుకుగా పుట్టి, తాను ఆడపిల్లనని తెలుసుకున్న బిడ్డ. ఆ సంగతి చెప్పిన నాడు ఇంట్లోంచి పంపేసింది నేనే. సొంతిల్లు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉండగా నా బిడ్డ లాడ్జిలో పడుకుందంటే ఆ పాపం నాది. ఈ ప్రయాణంలో ఎట్లాగైనా ఇంటికి రమ్మని అడగాలనే బయలుదేరాను.

ఉదయం ఏడున్నరకు గిద్దలూరు బస్టాండులో మార్కాపురం బస్సు ఎక్కాం. కంభం, బేస్తవారిపేట మీదుగా రెండు గంటల లోపే చేరుస్తుంది. ఛార్జీ వంద దాటదు. కరుణ నేత చీర కట్టుకుని, జడ వేసుకుని వచ్చింది. అచ్చం మా అమ్మ పోలిక. ఎంత చూసినా తనివి తీరలేదు. కండక్టరు రాగానే పాత అలవాటున "రెండు ఫుల్, మార్కాపురం" అన్నాను.

"అక్కకెందుకు పెద్దాయనా టికెట్టు? ఆడోళ్లకు ఉచితమే గదా" అన్నాడు కండక్టరు. కరుణ తన ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు చూపించింది. అతను చూసి, "దీనికీ సున్నా టికెట్టే అక్కా" అని మిషను నొక్కి చీటీ ఇచ్చాడు. "ఈమె నీకేమయితాది?" అని నన్నడిగాడు.

"మావాడు" అనబోయి మింగేశాను. "నా కూతురు" అన్నాను.

"కూతురికి బస్సు ఉచితమని తెలీదా? ఏ దేశంలో ఉండావు ఇన్నాళ్లు?" అని నవ్వుతూ ముందుకు వెళ్లిపోయాడు. తమాషాకే అన్నాడు కానీ బేస్తవారిపేట దాకా నా తల పైకి లేవలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి చూడగానే అక్కా అన్నాడు. కన్నవాడికి ఏడేళ్లు పట్టింది.

మీటింగు బస్టాండుకు పది నిమిషాల నడక దూరంలో, ఒక పలకల దుకాణం పైన. కరుణలాంటి వాళ్లు ముప్పై మంది దాకా వచ్చారు. కరుణ మైకు పట్టుకుంటే నా గుండె పొంగిపోయింది. దేశాలు రాసుకున్న మానవ హక్కుల ఒప్పందాల గురించి చెప్పింది. "మన దేశమూ వాటిల్లో చేరింది. ఏ కారణంగానూ ఎవరిమీదా వివక్ష చూపకూడదని రాసుకున్నారు. జాతి, మతం, రంగు అని వరసగా చెప్పి, చివర్న 'మరే ఇతర హోదా' అన్నారు. ఆ మాటలో మనమూ ఉండామని ఐక్యరాజ్యసమితి కమిటీలు తేల్చినాయి."

"అంటే ఫారాల్లో మనల్ని 'ఇతరులు' అని రాసేది అందుకేనా అక్కా?" అని ముందు వరుసలో ఒకామె అంటే అందరూ నవ్వారు.

ఇల్లు అద్దెకివ్వకపోయినా, పనిలోంచి తీసేసినా మనల్ని కాపాడాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని కరుణ చెప్పింది. నేను లేచి, "అమ్మా, ఆ ఒప్పందం ఇంటి గడప లోపలికి కూడా వస్తాదా?" అన్నాను.

"కొట్టినా, తరిమినా ప్రభుత్వం అడ్డం రావాల నాయనా. కూతురా అని పిలవమని మాత్రం ఏ ఒప్పందంలోనూ రాయలేదు" అంది. హాలులో ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం మెస్సులో భోజనం చేసి, కరుణ ఎక్కాల్సిన ఒంగోలు బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగేశాను, "ఇంటికి రా అమ్మా" అని.

"వస్తా. ఆదివారం చర్చిలో ఏ పక్క కూర్చోమంటావు?"

మా చర్చిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. అప్పట్లో కరుణ ఆడవాళ్ల పక్క కూర్చుందని అందరి ముందూ చెయ్యి పట్టి లాక్కొచ్చాను.

"ఆడోళ్ల పక్కనే. పాస్టరుగారితో నేను మాట్లాడతా" అన్నాను.

"ముందు మాట్లాడు నాయనా. తర్వాత ఫోన్ చెయ్. అప్పుడొస్తా" అని బస్సెక్కింది.

నా బిడ్డను చూశాను, పక్కన కూర్చున్నాను, నాయనా అని పిలిపించుకున్నాను. ఈ వయసులో ఇంతకన్నా ఏం కావాలి? అయినా తిరుగు ప్రయాణంలో పక్క సీటు ఖాళీగానే ఉంది. తప్పు చేసిన చోట దిద్దుకోకుండా, పరాయి ఊరి బస్టాండులో బతిమాలితే సరిపోతుందనుకున్నాను. రేపు పొద్దున్నే పాస్టరుగారి ఇంటికి వెళ్తున్నాను. మీరూ దూరమైన బిడ్డను తెచ్చుకోవడానికి బయలుదేరుతుంటే ఒక్క సలహా: ఊళ్లో ఎవరెవరితో మాట్లాడాలో వాళ్లందరితో ముందే మాట్లాడి, ఆ తర్వాత బస్సెక్కండి.