నాయినకు చెవుడని రుజువు చేసుడు

మా నాయినకు చెవుడన్న సంగతి మేం పదేండ్లు దాచినం. శామీర్‌పేట దిక్కు కంకర మిషను మీద పని చేసి చేసి ఆయన రెండు చెవులు పోయినయి. అప్పటికి నాకు ఎనిమిదేండ్లు. ఆ పని ఇడిసిపెట్టి నాయిన మా ఊరి పటేలు అంగూరు తోటల కావలికి కుదిరిండు. చెవులు లేనోణ్ని కావలికి ఎవరు పెట్టుకుంటరు? అందుకే ఇంట్ల ముగ్గురం ఒక మాట అనుకొని నోరు మూసుకున్నం.

దాచుడంటే పెద్ద కథేం లేదు. నాయిన పక్కన ఎప్పుడూ ఒకరం ఉండాలె, పొద్దంత అమ్మ, బడి అయినంక నేను. ఎన్కకెల్లి ఎవరన్న పిలుస్తే ఆయన భుజం మీద చెయ్యి వెయ్యాలె, చూసేటోళ్లకు ప్రేమతోని వేసినట్టు కనవడాలె. ఆయన తిరిగి, మాట్లాడేటోళ్ల పెదవులు చూసి, "అట్లనే పటేలా" అంటుండె. పెదవులు చదువుడు ఆయనకు ఎవరూ నేర్పలె, ఆయనే నేర్చుకున్నడు. మీసాలు ఒత్తుగ పెంచినోళ్లంటే మాత్రం ఆయనకు గుండె దడ. పటేలు ఒక ఏడు మొక్కుకని గడ్డం మీసం తియ్యకపోతే ఆ ఏడంత మేం చచ్చి బతికినం.

నాకు కోపం జల్దీ వస్తది, ఇప్పటికీ అంతే. ఊర్ల ఎవరన్న మాటల సందుల "చెవిటోని ముందట శంఖమూదినట్టు" అంటే వాళ్లతోని వారం దాక మాట్లాడకపోయేదాన్ని. ఎందుకో తెల్వక వాళ్లు పరేషాన్ అయ్యేటోళ్లు.

తొంభైలు ముగిసేటప్పటికి మా దిక్కు అంగూరు తోటలు ఒక్కొక్కటే ప్లాట్లయినయి. మా పటేలు కూడ పందిళ్లు పీకిచ్చి హద్దురాళ్లు పాతిచ్చిండు. నాయిన పని పోయింది. కొత్త పనికి పోతే, కొత్త మనుషుల దగ్గర ఆయన చెవుడు రెండు దినాలు కూడ దాగలె. అమ్మకు అప్పటికే దమ్ము రోగం, ఊపిరాడేది కాదు. మందులు వారం లేకపోతే పండుకోలేక కూసొనే ఉండేది. నేను ఇంటర్ చదువుకుంట, సెలవులొస్తే మేడ్చల్‌ల ఒక మందుల కంపెనీల సీసాలకు లేబుళ్లు అతికిచ్చేదాన్ని. అది ఎటూ సరిపోయేది కాదు. ఇగ వికలాంగుల పింఛిని ఒక్కటే దారి. అది వస్తే అమ్మకు మందులు ఆగయి.

మా వాడల ఒక టీచరమ్మ ఉండె. ఆదివారం చర్చిల పాటలు పాడేది, మిగిలిన ఆరు దినాలు బడి కాంగనె ఊరోళ్ల దరఖాస్తులు రాసేది. ఎవరి దగ్గర ఒక్క చాయ కూడ తాగేది కాదు. మా ఇంటికొచ్చి నాయిన ముందట కూసోని, ఆయనకు కనవడేటట్టు మొఖం ఎత్తి అడిగింది.

"ఎన్నేండ్ల సంది ఇనవడ్తలేదు అన్నా?"

"నాకేమైంది? మంచిగనే ఇనవడ్తది" అన్నడు నాయిన. పదేండ్ల అలవాటు, నోట్లకెల్లి అదే వచ్చింది.

టీచరమ్మ కలం పక్కకు పెట్టింది. "గీ ఒక్క దగ్గర నిజం చెప్పాలె అన్నా. గిండ్ల సిగ్గేం లేదు" అన్నది. నాయిన నేల చూసుకుంట కూసున్నడు. నేల చూస్తే ఇగ ఎవరి మాటా ఆయనకు చేరదు. కోపమొస్తే ఆయన చేసేది అదే. అమ్మ పోయి గదుమ పట్టి మొఖం లేపితే, తల ఊపి ఏలు ముద్ర వేసిండు.

ఊరి పెద్దమనిషి సంతకం కూడ కావాలంటే పటేలు దగ్గరికి పోయినం. పటేలు నవ్విండు. "పదేండ్లు నా తోట కాసినోనికి చెవుడేంది టీచరమ్మా? పిలిచినప్పుడల్ల పలికిండు" అన్నడు. అంత మంచిగ దాచినం మరి. టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పటేలు నవ్వు ఆగిపోయింది. నాయినను చూసిండు, నన్ను చూసిండు. తిడుతడనుకున్న.

"మరి దొంగలు పడుతుంటే?" అని అడిగిండు.

"అమ్మ చప్పుడు ఇంటుండె, నాయిన ఉరుకుతుండె" అన్న.

ఆయన కలం తీసిండు. సంతకం పెట్టి కాయితం నా చేతుల పెట్టిండు.

మేడ్చల్‌ల డాక్టర్ల క్యాంపు పెడితే, టీచరమ్మ బడికి సెలవు పెట్టి మాతోని వచ్చింది. వరండా నిండ మనుషులు, చంకకర్రలు, మూడు చక్రాల బండ్లు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమయింది. నేను నాయిన పక్కన నిలవడ్డ. డాక్టరు ఆయన ఎన్కకు పోయి పేరు పెట్టి పిలిచిండు. నా చెయ్యి నాయిన భుజం మీదికి పోయింది. కావాలని పెట్టలె, దేవునితోడు. నాయిన ఎన్కకు తిరిగి, డాక్టరు పెదవులు చూసి, "చెప్పుండ్రి సారు" అన్నడు. ఇనవడ్తదని రాసి మమ్మల్ని పంపిచ్చిండ్రు. నేను ఎంత చెప్పినా ఎనుక లైనుల ఉన్నోళ్లు ఆగనియ్యలె. వాళ్లది మాత్రం ఏం తప్పు?

బస్సుల నాయిన నా దిక్కు తిరిగి, "డాక్టరుకు మంచిగనే జవాబు చెప్పిన కదా బిడ్డా?" అన్నడు. నాకు ఏడుపు ఆగలె. టీచరమ్మ "నీ చెయ్యి పాడుగాను" అన్నది, అనుకుంటనే ఆ చెయ్యి పట్టుకొని ఊరొచ్చేదాక కూసున్నది. అమ్మ మందు సీసా నేనే పారవోసినట్టు అనిపిచ్చింది.

ఆరు నెల్లకు మల్ల క్యాంపు పెట్టిండ్రు. టీచరమ్మ మొత్తం దరఖాస్తు మల్ల రాసి, "నువ్వు లోపలికి పోకు" అని నాకు గట్టిగ చెప్పింది. చేతులు రెండూ చున్నీల చుట్టుకొని తలుపు బయట నిలవడి సందుల నుంచి చూస్తున్న. ఈసారి పెద్ద వయసు డాక్టరమ్మ. ఆమె ఎన్కకు పోయి చప్పట్లు కొట్టింది. నాయిన తిరిగిండు. నా పానం పోయింది. ముందట కూసున్న కంపౌండరు ఆ చప్పుడుకు తల ఎత్తిండు, నాయిన ఆయన కండ్లు ఎటు పోయినయో చూసి తిరిగిండు. పరీక్ష అంటే పాసు కావాలె అన్నదే నాయిన లెక్క. డాక్టరమ్మ ఆ సంగతి పట్టుకున్నది. నాయిన కుర్చీని గోడ దిక్కు తిప్పిచ్చి, "ఈయనతోని ఎవరొచ్చిండ్రు?" అన్నది.

లోపలికి పోయిన.

"ఇంట్ల ఏమని పిలుస్తవు?"

"నాయినా అని."

"ముట్టకు. అక్కడ్నే నిలవడి పిలువు."

అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేండ్లల్ల ఒట్టి గొంతుతోని ఆయనను ఒక్కసారి కూడ పిలువలె. "నాయినా" అన్న. "గట్టిగ" అన్నది డాక్టరమ్మ. తిరగొద్దు, దేవుడా, ఆయనను తిరగనియ్యకు అని మొక్కుకుంట పిలిచిన. ఏ బిడ్డన్న అట్ల మొక్కుతదా? మూడోసారి ఎంత గట్టిగ పిలిచిన్నంటే వరండాల మాటలన్ని బందయినయి. నాయిన గోడకున్న టీకాల బొమ్మ చూస్తున్నడు. మెడ కూడ కదలలె. ఆయన ఇన్న నా గొంతు ఎనిమిదేండ్ల పోరిది, అటెన్కది ఆయనకు తెల్వనే తెల్వదు. డాక్టరమ్మ తల వంచి రాసుకున్నది.

ఆ కాయితంతోనే పింఛిని వచ్చింది. అమ్మకు మందులు ఆగలె, ఇంకా చాన ఏండ్లు బతికింది. టీచరమ్మ చేసిన మేలు మా ఇంట్ల ఎవరం మరువలె.

ఆ దినం డాక్టరమ్మ సంతకం పెట్టినంక పోయి నాయిన ముందట నిలవడ్డ. నన్ను చూసి ఆయన మొఖమంత నవ్విండు.

"నువ్వెప్పుడు వచ్చినవు బిడ్డా లోపలికి?" అన్నడు.

"ఇప్పుడే వచ్చిన నాయినా" అన్న.