పొడుగు చెయ్యి సముద్రం వైపు

కరోనా వచ్చి బడులు మూతపడిన ఏడాది నేను ఒకటో తరగతి టీచర్ని. మాది తెలుగు మీడియం ప్రాథమిక పాఠశాల. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ రేవుకు అవతలి ఒడ్డున, హోప్ టౌన్ వైపు, చేపలు పట్టేవాళ్ళ పేటలో ఉంది. ఆ పేటలో అందరి తాతలూ శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళే. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగే మాట్లాడతారు, మధ్యమధ్య హిందీ కలుపుతూ. కాని మా పిల్లల తల్లిదండ్రులు చాలామంది హిందీ మీడియంలో చదివినవాళ్ళు. తెలుగు రాయడం, చదవడం వాళ్ళకు రాదు.

అంతకు ముందు ఏడాదే మా ఆయన పోయారు. ఆయనది పోర్ట్ బ్లెయిర్ ఒడ్డున, హాడోలో పోర్టు ఉద్యోగం. క్వార్టరు ఖాళీ చేసి, బడికి దగ్గరగా ఉంటుందని ఆ పేటలోనే ఒక ఇంట్లో అద్దెకు దిగాను. లాక్‌డౌన్‌లో రోజంతా ఇంట్లో కూర్చోవడం ఎలాగో తెలియక చుట్టుపక్కలవాళ్ళు అవస్థపడ్డారు. నాకు అప్పటికే అలవాటైంది.

పై తరగతుల పిల్లలకు ఫోన్లో పాఠాలు పంపాం. ద్వీపాల్లో నెట్ ఎలా ఉంటుందంటే, ఒక ఫొటో తెరుచుకునేలోపు అన్నం ఉడికేది. ఒకటో తరగతికి ఆ మాత్రం కూడా లేదు. ఇంటికి ఒకటే ఫోను, అది తండ్రి జేబులో సముద్రం మీదికి పోతుంది. కొత్త పుస్తకాలు ఆంధ్రా నుంచి ఓడలో రావాలి, ఓడలు ఆగిపోయాయి. ఇంటింటికీ తిరిగి చెబుదామంటే తిరగవద్దని ఉత్తర్వు. ఇలాగే పోతే పిల్లలందరినీ తీసుకెళ్ళి హిందీ బడిలో వేసేస్తారని హెడ్మాస్టరుగారి భయం. నా బెంగ అంత దూరం పోలేదు. చదువు కోసం ఎదురుచూసిన పిల్లలు ఒక్క అక్షరమైనా చూడకుండా ఏడాది గడిపేస్తారే అని మాత్రం అనిపించేది.

మైకు ఆలోచన హెడ్మాస్టరుగారిది. పేట మొత్తం ఒకటే వీధి. కొండ దగ్గర గంగమ్మ గుడితో మొదలై కిందికి దిగి సముద్రం దగ్గర ఆగుతుంది. రెండు వరసల ఇళ్ళు ఎదురెదురుగా ఉంటాయి. గాలి ఎక్కువగా ఉందనీ, డుంగీలు తియ్యొద్దనీ, రేషను బియ్యం వచ్చిందనీ గుడి మైకులో చెబుతారు. డుంగీ అంటే ఇక్కడివాళ్ళ చిన్న మోటారు పడవ. మైకు పలికితే పేటంతా చేస్తున్న పని ఆపి వింటుంది. నేను గుడి గదిలో కూర్చుని పాఠం చెప్పేటట్టు, పిల్లలు ఎవరి అరుగు మీద వాళ్ళు కూర్చుని రాసుకునేటట్టు ఆయన గుడి పెద్దను ఒప్పించారు. ఎవరింట్లోకీ వెళ్ళకుండా ఇంటింటి గేటుకూ సుద్దముక్కల పొట్లం కట్టి వచ్చాం.

మొదటిరోజు "పిల్లలూ" అన్న ఒక్క మాట పేటంతా వినబడేసరికి నాకు సిగ్గేసింది. మా ఇంట్లో మాటలన్నీ ఆయనవే. ఆయన పోయాక ఇంట్లో గొంతెత్తి మాట్లాడవలసిన అవసరం రాలేదు.

అసలు ఇబ్బంది ఆ తరవాత. అక్షరం చూపించకుండా నేర్పడం ఎలా? ఉపమానాలంటే నాకు పడదు. పెద్ద పిల్లల వ్యాసాల్లో కనబడితే కొట్టేస్తాను. మైకు ముందు కూర్చున్నాక అవి తప్ప దారి లేకపోయింది. పేటలో అందరికీ తెలిసిన ఆకారమని గ తోనే మొదలుపెట్టాను. "గ అంటే బోర్లించిన డుంగీ. దాని నెత్తిన తలకట్టు. తలకట్టుకు రెండు చేతులు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది." మరి ఏ చెయ్యి ఎటు పెట్టాలి? కుడి ఎడమలు ఆ వయసు పిల్లలకు ఇంకా కుదరవు. ఆ పేటలో పెద్దవాళ్ళు కూడా ఆ మాటలు వాడరు. బిందె ఎక్కడంటే సముద్రం వైపు అంటారు. కళ్ళజోడు ఎక్కడంటే కొండవైపు కిటికీలో అంటారు. నేనూ వాళ్ళ పద్ధతే పట్టుకున్నాను. నా ఇంటి అరుగు మీద కూర్చుని ఒకసారి రాసి చూసుకుని మరీ చెప్పాను.

"పొడుగు చెయ్యి సముద్రం వైపు!"

"సముద్రం వైపే!" అని అరుగుల మీంచి పిల్లలు అరిచారు.

కొద్ది రోజుల్లోనే పాఠం పేట అందరిదీ అయింది. ఒకావిడ పొయ్యి దగ్గర్నుంచే కేకేసేది: "మేడంగారూ, జర రుకో! మా గుంట బాత్రూంకెల్లింది, వచ్చినాక సెప్పండి." నేను ఆగేదాన్ని. ఆ పిల్ల వచ్చిందని ఎదురింటివాళ్ళు చెబితే మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఇంతలో ఒకరోజు, వీధి మధ్యలో ఇల్లున్న ఒక డుంగీ యజమాని వచ్చి గుడి గది ముందు నిలబడ్డాడు. మైకు గొట్టం అతని ఇంటి ముందున్న స్తంభానికే కట్టి ఉంది. అతని కూతురు నా తరగతిలోనే ఉంది.

"మేడంగారూ, రాత్రంతా సముద్రంలో ఏట. పొద్దున్నొచ్చి కన్ను మూస్తే మీ గ గ గ గ. కల్లో కూడా గ యే వస్తంది. బస్, సాలు. ఆపీండి."

"మీ అమ్మాయి కూడా నేర్చుకుంటోంది కదండీ."

"ఏటి నేర్సుకుంది? అరుగంతా తెల్లగా సేసింది. అది సదువో ముగ్గో నాకేటి తెలుస్తాది?"

అతని వెనకాలే వచ్చిన తల్లి అందుకుంది. "నీకు తెల్దని ఊరుకోవాల గానీ, సదువు మీద పడతావేటిరా? బడి ఎగ్గొట్టి డుంగీ కింద తొంగున్నోడివి నువ్వు!"

"అమ్మా, నువ్వు సుప్ రహో."

అయినా అతను చెప్పింది అబద్ధం కాదు. రాత్రి వేటకు పోయే మిగతావాళ్ళు కూడా అతని పక్షమే చేరారు. గుడి పెద్ద ఆలోచించి తీర్పు చెప్పాడు. "ఆదివారం గుడి ముందర పిల్లలసేత రాయిద్దాం. అచ్చరం వస్తే మైకుంటాది. రాకపోతే తీసేస్తాను. గుడి అందరిదీ, నిద్రా అందరిదే."

ఆదివారం గుడి ముందు సిమెంటు గచ్చు మీద దూరం దూరంగా పిల్లలను నిలబెట్టారు. పెద్దవాళ్ళు మాస్కులు పెట్టుకుని చుట్టూ నించున్నారు. మాస్కు వెనక ఎవరి ముఖంలో ఏముందో తెలియడం లేదు. డుంగీ యజమాని తన కూతుర్నే ముందు రాయమన్నాడు. ఆ పిల్ల ఏమాత్రం తడబడకుండా కూర్చుని, బోర్లించిన డుంగీ గీసి, నెత్తిన తలకట్టు పెట్టి లేచింది. హెడ్మాస్టరుగారు వంగి చూశారు. ఆయన అబద్ధం చెప్పలేని మనిషి.

"తలకట్టు తిరగబడింది," అన్నారు.

"సూసినారా!" అని తండ్రి చేతులు చాచాడు.

రెండో పిల్లవాడు సరిగ్గా రాశాడు. మూడో పిల్లది మళ్ళీ తిరగబడింది. నాలుగో పిల్లదీ అంతే. ఐదో పిల్లది తప్పు లేకుండా ఉంది. ఎవరో నవ్వారు. మైకు పోయిందనే అనుకున్నాను. రేపట్నుంచి ఆ పిల్లలకు ఏం చెప్పాలో తోచలేదు. యజమాని కూతురు మాత్రం తప్పు ఎక్కడుందో తెలియక నా వంక చూస్తోంది. ఆ పిల్ల దగ్గర వంగి అడిగాను.

"పొడుగు చెయ్యి ఇటెందుకు పెట్టావమ్మా?"

"మీరే సెప్పినారు గదా మేడం, సముద్రం వైపని."

"మరి సముద్రం అటుంది కదా?"

"మా అరుగు మీద కూకుంటే ఇటే ఉంటాది," అంది విసుగ్గా.

నేను లేచి కిందికి దిగే వీధిని చూశాను. నేను అద్దెకున్న వరసలో అరుగు మీద కూర్చుంటే సముద్రం కుడిచేతికి ఉంటుంది. ఎదుటి వరసలో ఎడమచేతికి. మిగతా పిల్లలను ఏ వరసో అడిగాను. నా వరస పిల్లలందరూ సరిగ్గా రాశారు. ఎదుటి వరస పిల్లలందరూ తిప్పి రాశారు. ఒక్కరు కూడా నేను చెప్పిన మాట తప్పలేదు.

ఈ సంగతి అందరికీ చెబుతూ ఉంటే నాకు నవ్వు ఆగలేదు. హెడ్మాస్టరుగారు నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. డుంగీ యజమాని కాసేపు గచ్చు మీద కూతురు గీసిన గీతలనే చూశాడు. తరవాత గుడి పెద్ద వైపు తిరిగాడు.

"మా ఇంట్లో ఎవలికీ తెలుగు అచ్చరం రాదు. మరి నా గుంటకి ఎవలు నేర్పినట్టు? మైకే గదా. దిక్కు తప్పింది మేడంగారు, నా గుంట కాదు."

"అయితే మైకు తియ్యమంటావా, ఉంచమంటావా?" అన్నాడు గుడి పెద్ద.

"ఉంచండి. గానీ పొద్దున వద్దు. నిద్ర నిద్రే. నాలుగ్గంటలకెట్టుకోండి, వలలు బాగుసేసుకుంటా మేము కూడా ఇంటాం."

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఇదంతా మా ఆయనకు చెప్పాలనిపించింది. ఆయనైతే హాడో అంతా తిరిగి ఇంకా పెంచి చెప్పేవారు. కాఫీ పెట్టుకుని, ఒక్కదాన్నే ఇంకాసేపు నవ్వుకున్నాను.

మర్నాడు నాలుగింటికి మైకు పట్టుకున్నాను. "పిల్లలూ, ఇవాళ్టి నుంచి సముద్రం మాట మరిచిపోండి. పొడుగు చెయ్యి అన్నం తినే చెయ్యి వైపు పెట్టాలి."

వీధి మధ్యలోంచి డుంగీ యజమాని తల్లి గొంతు వినిపించింది. "మేడంగారూ! మా గుంట ఎడం సేత్తో తింటాది! ఎంత సెప్పినా మానదు!"

పేటంతా నవ్వింది. నేను మైకు పక్కన పెట్టి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే ఆ పిల్ల తండ్రి గొంతు వినబడింది.

"ఒలే, ఇటొచ్చి నా పక్కన కూకో. ఎదురుగా కాదు, పక్కన! నాను తినే సెయ్యి ఎటుందో సూసి, అటెట్టు."

నవ్వులు తగ్గేదాకా ఆగి, తరవాతి అక్షరం మొదలుపెట్టాను.