నేను ఖాళీ చేయించిన గది

చాచా పోయాడన్న కబురు నాకు ఐదు గంటలు ఆలస్యంగా తెలిసింది. మా ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేయాలి. నేను లోపల మాత్రల డబ్బాలకు మూతలు సరిచూస్తూ, పక్కామెతో ఏదో వేళాకోళమాడుతున్న పొద్దులో సంగారెడ్డి ఆసుపత్రిలో ఆయన కన్నుమూశాడు. షిఫ్టు దిగి బయటికి రాగానే సెక్యూరిటీ అతను ఫోను ఇస్తూ, "మీ ఓనరమ్మ మస్తు సార్లు చేసిందక్కా. మీ బిహారు చాచా ఇగ లేడంట," అన్నాడు. ఆ రోజు ఇంటికి నడిచే వచ్చాను. ఆటో ఎక్కాలన్న ధ్యాస కూడా లేదు.

చాచా మాకు ఏమీ కాడు. ఆయనది బిహారు, మాది శ్రీకాకుళం జిల్లా. మొదట్లో ఆయనకు తెలుగు సరిగా రాదు, నాకు హిందీ ముక్క రాదు. సంగారెడ్డి దగ్గరి పాశమైలారంలో వరసగా ఉన్న ఎనిమిది రేకుల గదుల్లో మాకూ ఆయనకూ మధ్య ఒకటే గోడ. మందుల ఫ్యాక్టరీలు వాడి పారేసిన నీలం డ్రమ్ములను ఒక యార్డులో కడగడం ఆయన పని. నేను ఆయన్ని మొదటిసారి పలకరించింది తిట్లతో. ఇప్పుడు దాచి ఏం లాభం? నా నోరు మంచిది కాదని మా అత్త పెళ్లయిన వారానికే ఊరంతా చాటింది.

మేము కొత్తగా దిగినప్పుడు అక్కడ నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. మా ఆయన రోడ్డు పక్కన చవగ్గా దొరికిందని ఒక నీలం డ్రమ్ము తెచ్చాడు. దాని మీద అంటించి ఉన్న కాగితం చూడ్డానికి బాగాలేదని నేను కత్తితో గీకేసి, సబ్బుతో తోమి, తాగే నీళ్లు నింపి గుమ్మం పక్కన పెట్టుకున్నాను. పొద్దున లేచి చూస్తే వాకిలంతా నీళ్లు. డ్రమ్ము అడుగున నాలుగు చిల్లులు. పక్క గది ఆయన కాల్చిన ఇనప చువ్వ పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. పారిపోనూ లేదు, తలా దించుకోలేదు.

"ఏటయ్యా ఇది? నీకేటి మాయరోగం? నా బిడ్డకి తాగడానికి సుక్క నీళ్లు లేకుండా సేసినావు!" అని మీద పడ్డాను. ఆయన హిందీలో ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనిస్తే కదా!

నేరుగా ఓనరమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఇక్కడి మనిషే. "గాయన గంతేనమ్మా. ఎవ్వరు డ్రమ్ము తెచ్చినా గట్లనే పొక్కలు పెడ్తడు. జెర తిక్కమనిషి," అని తేల్చేయబోయింది. నేను వదల్లేదు. ఆయనైనా ఉండాలి, మేమైనా ఉండాలి అన్నాను. చంటిపిల్లతో ఉన్న సంసారానికీ ఒంటరి మనిషికీ మధ్య ఆమె మమ్మల్నే ఉంచుకుంది. నెలాఖరుకి చాచా ఒక ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని, ఆ డ్రమ్ముల యార్డులోనే ఉన్న షెడ్డుకు మారిపోయాడు. పోతూ పోతూ తన స్టీలు బిందె మా గుమ్మంలో పెట్టాడు. నేను దాన్ని కాలితో పక్కకు నెట్టాను.

తర్వాత రెండు నెలలకు నాకు ఫ్యాక్టరీలో పని దొరికింది. చేరిన వారంలో కొత్తవాళ్లందరినీ కూర్చోబెట్టి ఒక సారు జాగ్రత్తలు చెప్పాడు. ఆయన పక్కన ఒక నీలం డ్రమ్ము ఉంది. దాని మీద పుర్రె బొమ్మ కాగితం. నేను కత్తితో గీకింది అలాంటి కాగితాన్నే. "ఇది ఎంత తోమినా లోపల పీల్చుకున్నది నీళ్లలోకి దిగుతుంది. ఎవరూ ఇంటికి తీసుకెళ్లొద్దు," అని ఆయన చెప్పాడు. నా కూతురికి అప్పుడు రెండేళ్లు.

ఆ సాయంత్రం ఇంటికి కూడా పోకుండా యార్డుకు పోయాను. చాచా మోకాళ్ల దాకా నురగలో నిలబడి డ్రమ్ములు తోముతున్నాడు. నేను ఏడ్చేశాను. ఆయన కంగారుగా, "చిన్న బేటీ నీల్లు తాగిందా?" అని అడిగాడు.

"లేదు."

"బస్. ఇంక ఏడ్చుడెందుకు? నాది భీ గలత్ ఉంది. నాకు తెలుగు రాదు, చువ్వతోని చెప్పిన."

అప్పుడు తెలిసింది, ఈ ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఆయన తమ్ముడు అలాంటి డ్రమ్ములో నీళ్లే తాగేవాడట. ఆ తమ్ముడు లేడు.

అప్పటికే ఆయన గది వేరేవాళ్లకు ఇచ్చేశారు. అది మళ్లీ ఖాళీ అయ్యేసరికి రెండేళ్లు దాటింది. ఖాళీ అయిన రోజే నా తాళం తీసుకెళ్లి దానికి వేశాను. "ఏందమ్మా, నా ఇంటికి నువ్వు తాళమేస్తవా? ఎల్లగొట్టిచ్చింది నువ్వే, పిలుస్తున్నది నువ్వేనా?" అని ఓనరమ్మ నడుం మీద చెయ్యి వేసుకుంది. "అవును, నేనే," అన్నాను. ఆమె నవ్వేసి పోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు చాచా మా గోడకు అవతల ఉన్నాడు. పని నుంచి వచ్చి స్నానం చేసేదాకా మా పాపను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. అది పరిగెత్తుకొస్తే పోలీసులకు దొరికిన దొంగలా రెండు చేతులూ పైకెత్తి వెనక్కి నడిచేవాడు. బట్టలు ఆరేసేముందు ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు చూసేవాడు. "పొగ ఎటు పోతే నువ్వు అటు పోకు బేటీ," అనేవాడు. మీరెప్పుడైనా మా వైపు వస్తే ఈ మాట గుర్తుపెట్టుకోండి, పనికొస్తుంది. నేను మా ఆయన మీద అరుస్తుంటే గోడ మీద తట్టి, "ముందు తిను, తరువాత కొట్లాడు. ఆకలికి కోపం జాస్తి," అనేవాడు. నా చింతపండు పులుసును "ఖట్టా, ఖట్టా" అని మొహం వికారంగా పెట్టి, రెండోసారి వడ్డించుకునేవాడు. ఆయన వేయించిన శనగల సత్తుపిండి నా గొంతు దిగేది కాదు. హిందీ మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను, తిట్లతో సహా.

ఆయనకు దగ్గు ఎప్పుడు మొదలైందో నేను సరిగ్గా చెప్పలేను. చెప్పడానికి భయం కూడా. ఆసుపత్రిలో డాక్టరమ్మ వివరాలు రాసుకుంటూ, ఆ యార్డులో ఎప్పుడైనా పడుకునేవాడా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే చాచా, "లేదమ్మా. పనికి పోతుంటి, గంతే. పండుకునుడు ఎప్పుడూ రూముల్నే," అన్నాడు. నా వైపు చూడలేదు. అంత నోరున్న దాన్ని, ఆ రోజు మూసుకుని కూర్చున్నాను. ఆయన నాకోసం ఆడిన ఆ అబద్ధం మందుల చీటీ మీదకెక్కింది. నేను దిద్దలేదు.

చాచా కొడుకు బిహారు నుంచి రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి వచ్చాడు. దహనం ఇక్కడే జరిగింది. మర్నాడు అస్థికలు ఏరి, సగం గంగకు మూటగట్టి, సగం ఇక్కడి మంజీర ఏట్లో కలుపుతానన్నాడు. నాన్న ఇన్నేళ్లూ తాగింది ఈ నీళ్లే కదా అన్నాడు. అతనితో నేనూ మా ఆయనా వెళ్లాం. ఇప్పుడు చెప్పకపోతే జన్మలో చెప్పలేననిపించింది. నీళ్ల దగ్గర అతన్ని ఆపి, మీ నాన్నను గదిలోంచి వెళ్లగొట్టించింది నేనే, రెండేళ్లు ఆ మందుల కంపులో పడుకున్నది నా వల్లే, డాక్టరుకు కూడా చెప్పలేదు అన్నాను. చాచా నేర్పిన హిందీలోనే అంతా చెప్పాను.

అతను అస్థికల కుండకు కట్టిన గుడ్డ విప్పాడు. "తెలుసు దీదీ. అప్పట్లో ఫోను చేస్తే వెనక డ్రమ్ముల చప్పుడు వినిపించేది. ఇల్లెందుకు మారావని గొడవపడ్డాను. పక్కింటి పసిపిల్ల క్షేమంగా ఉంది, నాకు చోటు ఎక్కడైనా ఒకటే అన్నాడు," అన్నాడు. తర్వాత మట్టికుండ నా ముందుకు చాపాడు. ఆడవాళ్లు చేయకూడదేమోనని వెనక్కి తగ్గాను. "కూతురు చేయొచ్చు," అన్నాడు. ఇద్దరం పిడికిలి నిండా బూడిద తీసుకుని నీళ్లలో వదిలాం.

ఆ రోజు సెలవు దొరకలేదు. ఏటి దగ్గర్నుంచి నేరుగా రెండో షిఫ్టుకు పోయాను. లోపలికి పోయేముందు గ్లౌజులు వేసుకోవాలి, అంతకుముందు సూపర్‌వైజరమ్మ అందరి చేతులూ చూస్తుంది. నా చేతులు తిప్పి చూసి, "ఏందక్కా, గోళ్లల్ల ఈ బూడిదేంది? జల్దీ కడుక్కొని రా," అంది.

పోయి కుళాయి తిప్పాను. నీళ్లు ధారగా పడుతున్నాయి. చేతులు మాత్రం ఆ ధార కింద పెట్టలేక అలాగే నిలబడ్డాను.