గడప బయట పెట్టిన కట్టె

వికలాంగుల పింఛను ఎవరికి అందుతోంది, ఎవరికి అందడం లేదు అని తెలుసుకోవడానికి, మానవశాస్త్రం చదివే రోజుల్లో కదిరి దగ్గరి ఒక పల్లెలో ఏడాది ఉన్నాను. మా పక్కింటాయనను మామా అని పిలిచేదాన్ని. బుడ్డలు, అంటే వేరుశనగ, పండించే రైతు. ఫ్లోరైడు బోరునీళ్లు తాగి తాగి యాభై ఏళ్లకే మోకాళ్లు బిగుసుకుపోయాయి. కట్టె లేనిదే వాకిలి దాటలేడు. ఆ బోరు వేయించింది సర్కారే. కాళ్లు ఎంత చెడ్డాయో డాక్టరుతో రాయించుకు రమ్మన్నదీ సర్కారే! నూటికి నలభై వంతులు చెడితేనే పింఛను.

ఆ సర్టిఫికెట్లు ఇచ్చే శిబిరం రోజు మామ తలకు పోసుకుని, గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని బయల్దేరాడు. పెళ్లిచూపులకా అని ఆటపట్టించాను. ఆసుపత్రి గది ముందు చెప్పులు విడిచి, వాటి పక్కనే కట్టెను గోడకు ఆనించాడు. పెద్దవాళ్ల ముందుకు కట్టెతో పోవడం ఆ ఊళ్లో మర్యాద కాదు. ఇలాంటివి కనబడితే మా చదువువాళ్లకు పండగే. వెంటనే నోటుబుక్కు తీశాను.

మామ గోడ పట్టుకుని, పళ్లు బిగబట్టి, నాలుగడుగులు వేసి దండం పెట్టాడు.

"ఎలా ఉన్నావు పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"మీ దయ సార్, బాగుండా."

డాక్టరు గుమాస్తా వైపు తిరిగి, "కట్టె లేకుండానే నడుస్తున్నాడు. ముప్పై రాయి" అన్నాడు.

"ఆయన కట్టె బయటుంది సార్!" అని అరిచాను.

"అందరూ చెప్పేదే అమ్మా. తరువాత ఎవరు?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మోకాలిని ఒక్కసారి ముట్టుకుని చూడలేదు! నమస్కారం చేసి, బాగున్నానని బదులు చెప్పినందుకు మనిషి రోగమే తగ్గిపోయిందా? డాక్టరును ఏమీ అనలేక, బయటికొచ్చి మామ మీద పడ్డాను.

"కట్టె బయటెందుకు పెట్టినావు మామా?"

ఆయన గోడ దగ్గరికి పోయి కట్టె అందుకున్నాడు.

"సారు ముందర కట్టె పట్టుకోని నిలబడేదానికి నాకేమన్నా పొగరా పాపా? నువ్వు ఈడే ఉంటివి గదా. సదువుకున్నదానివి. కట్టె లోపలికి తీస్కపో మామా అని ఒక్క మాట అనకపోతివే. ఏందో రాసుకుంటాంటివి."

అప్పుడు రాసుకున్న పేజీ ఇంకా నా దగ్గరే ఉంది. 'చాలా బాగా గమనించావు' అని మా ప్రొఫెసరు దాని పక్కన ఎర్రసిరాతో రాశారు. మామకు మాత్రం పింఛను రాలేదు.